మనిషి పడని ఫోటోలు

మా మరిదిని వీధిలో అందరూ పెచ్చులబాబు అంటారు. ఆ పేరు పెట్టిన పుణ్యం నాదే. సెలవు రోజు పొద్దున్నే కెమెరా సంచి భుజాన వేసుకుని పోయేవాడు. సాయంత్రానికి నెత్తి నిండా సున్నం పెచ్చులు, చొక్కా జేబులో గోడ రంగు పొట్టు, బూట్ల కింద పావురాల రెట్ట మోసుకుని వచ్చేవాడు. పెరట్లో బట్టలు విప్పి ఒళ్ళు కడుక్కుంటే గానీ గడప తొక్కనిచ్చేదాన్ని కాదు. ఆ బట్టలు ఉతకడం మాత్రం నా వంతు. మా ఆయన తోడబుట్టినవాడు కాబట్టి ఉతికాను గానీ, మరొకడైతే బట్టలతో పాటు మనిషిని కూడా నానబెట్టి బండకేసి బాదేదాన్ని.

మనిషి చెడ్డవాడు కాదు. అదే నా ఏడుపు. చెడ్డవాడైతే ఒక్క తిట్టుతో తేలిపోయేది, ఇంత కథ చెప్పే పని ఉండేది కాదు.

బతుకుతెరువుకి అతనికి బజారు మూల మీద చిన్న ఫోటో స్టూడియో ఉంది. గుర్తింపు కార్డులకీ, పరీక్షలకీ, ఉద్యోగాలకీ మొహాలు తీసే కొట్టు. ఒక స్టూలు, వెనక తెల్ల తెర, రెండు గొడుగు దీపాలు, గోడకి అద్దం, ఎవరూ ఎత్తుకుపోకుండా ఆ అద్దానికి దారంతో కట్టేసిన దువ్వెన. ఆ దువ్వెన చూస్తేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది, ఊళ్ళో తలల మడ్డంతా దాని పళ్ళలోనే ఉంటుంది. కొట్టు తెరిచింది మొదలు మూసేదాకా అతని నోట ఒకటే పాట. కూర్చోండి, భుజాలు సమంగా పెట్టండి, గడ్డం కొంచెం కిందికి, ఇటు చూడండి, అయిపోయింది. అలవాటు ఎంత ముదిరిందంటే, భోజనాల దగ్గర ఎవరైనా తలెత్తి మాట్లాడినా గడ్డం కొంచెం కిందికి అని నోరు జారేవాడు.

వచ్చినవాళ్ళు ఊరుకుంటారా. నల్లగా వచ్చానని ఒకరు, ముక్కు లావుగా పడిందని ఒకరు, బుగ్గ మీది మచ్చ తీసెయ్యమని ఒకరు, అసలిది నేనే కాదని ఒకరు. ఒకాయన ఇందులో నా మొహం ఏడుస్తున్నట్టుందని దెబ్బలాటకి వస్తే, అద్దంతో కూడా ఇలాగే దెబ్బలాడతారా అని అడిగాడట. ఏళ్ళ తరబడి ఇదే చూసి చూసి అతనికి మనిషి మొహమంటేనే వెగటు పుట్టింది. గోడ నయం వదినా, తెల్లగా తియ్యమని పీక్కుతినదు అనేవాడు.

ఆ గోడల పిచ్చి పాత ఆసుపత్రితో మొదలైంది. మా వీధి చివర్న ఉండేది అది, రాతి కట్టడం, మా మామగారి తాతల నాటిది. ఊరవతల కొత్త భవనం కట్టి అందులోకి మార్చినప్పుడు, వదిలేసిన మంచాలూ బీరువాలూ ఫోటోలు తీసిపెట్టమని ఆఫీసువాళ్ళు ఇతన్ని పిలిచారు. ఆపరేషన్ గదిలో అద్దాల కప్పు పగిలి, అందులోంచి ఎండ పడి, బల్ల మీద నాచు మొలిచిందట. ఆ రోజు ఇంటికొచ్చి నిధి దొరికినవాడిలా మాట్లాడాడు. అక్కణ్ణించి పాత ఆసుపత్రి, మూతపడ్డ మిల్లు, కప్పు కూలిన సినిమాహాలు, పాడుబడ్డ కోర్టు, ఎక్కడ కంపు కొడితే అక్కడ మా మరిది. అతనిలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారట. వాళ్ళకో గుంపు, ఆ గుంపుకో కట్టుబాటు. ఏదీ తాకకూడదు, ఏదీ కదపకూడదు, ఫోటోలో మనిషి పడకూడదు. మనిషి పడితే చూసేవాళ్ళ కళ్ళు మనిషి మీదికే పోతాయట, కట్టడం నోరు మూసుకుంటుందట. ఆ గోడలు నిజంగా నోరు తెరిస్తే ముందు నిన్నే తిడతాయి, స్నానం చెయ్యమని, అన్నాను నేను.

ఒక్కసారి చూస్తే నన్ను తిట్టవు వదినా అని ప్రాణం తీసి, ఒకరోజు నన్నూ ఆ పాత ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళ వార్డట. తలుపు తెరవగానే గబ్బిలాల మూత్రం వాసన గొంతులోకి దిగింది. కింద రెట్ట గట్టిపడి చెప్పు కింద పెళపెళమంటోంది. చేతులు కడుక్కునే తొట్టిలో నల్లనీళ్ళు, ఆ నీళ్ళలో ఉబ్బిన ఎలుక. ఒక మూల ఎవరో మహానుభావుడు దొడ్డికి కూర్చుని పోయాడు. తేమకి ఎక్సురే కాగితాలు నేలకి అంటుకుపోయి ఉన్నాయి, ఎవరి పక్కటెముకలో తొక్కుకుంటూ నడవాలి. మంచం మీద పరుపు ఒకటి, దాని మధ్యలో మనిషి నడుమంత మరక. మా మరిది ఆ మరక ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఆ అంచు చూడు వదినా, ఎన్ని రంగులో."

"అది ఎవరిదో చీము, నాయనా."

"ఎవరిదైతేనేం, ఇప్పుడది రంగు."

గాలి కోసం కిటికీ దగ్గరికి పరిగెత్తి, నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని డోకుకున్నాను. అటు నిలబడకు వదినా, ఫ్రేములో పడుతున్నావ్ అన్నాడు వెనకనించి. వదిన చచ్చిందా బతికిందా అని కాదు, ఫ్రేములో పడుతున్నానట. మళ్ళీ ఆ మెట్లెక్కితే నా చెప్పుతో నన్నే కొట్టమని ఆ రోజే చెప్పి వచ్చేశాను.

అయినా ఆసుపత్రికి వెళ్ళడం నాకు తప్పలేదు, ముందు వైపు కాదు, వెనక వైపు. ముందున్న రెండంతస్తులూ మూసేశారు గానీ, వెనక వరండాలో కట్లుకట్టే గది ఒకటీ మందులిచ్చే కిటికీ ఒకటీ ఇంకా నడుస్తూనే ఉండేవి. కొత్త ఆసుపత్రికి పోవాలంటే రెండు బస్సులు మారాలి. మా వైపు ముసలివాళ్ళూ కుంటివాళ్ళూ అంత దూరం పోలేరని ఆ గదిని అలా వదిలేశారు. అందులో బట్టతల కాంపౌండరు ఒకాయన, ఒక ఆయా. వరండాలో బెంచీల మీద ఎప్పుడు చూసినా జనమే.

మా అత్తయ్య, అంటే పెచ్చులబాబు కన్నతల్లి, షుగరు మనిషి. చీలమండ పైన ఏదో చిన్నది గీరుకుంది. మానుతుందిలే అనుకున్నాం. కోతి పుండు బ్రహ్మరాక్షసి అయినట్టు అదే పెరిగి పెరిగి అరచేయంత అయ్యింది. రసి కారేది, వాసన వచ్చేది, ఎండాకాలం ఈగల్ని తోలడానికే ఒక మనిషి కావాలి. రోజు విడిచి రోజు కట్టు మార్చకపోతే కాలు దక్కదని డాక్టరు ముందే చెప్పాడు. నేనే తీసుకెళ్ళేదాన్ని. కాంపౌండరు పాత కట్టు విప్పుతూ ఆ పుండుతోనే మాట్లాడేవాడు, ఏమ్మా ఇవాళ కాస్త ఎర్రబడ్డావే, మంచిదే, ఇలాగే ఉండు అని. ముక్కు మూసుకునేవాడు కాదు, మొహం తిప్పుకునేవాడు కాదు. అత్తయ్య నవ్వుకునేది. మాట తక్కువ మనిషి ఆవిడ, ఆడిన ఒక్క మాటా సూదిలా దిగుతుంది. నా కాలుకున్న మర్యాద నాకు లేదే అనేది.

మరి ఆవిడ కొడుకు? గబ్బిలాల రెట్టలో మోకాళ్ళూనే మనిషి, ఎవరిదో చీముకి రంగులు లెక్కపెట్టే మనిషి, తల్లి కట్టు విప్పుతుంటే గదిలో ఉండలేకపోయేవాడు. ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని వీధిలోకి పోయేవాడు. నావల్ల కాదు వదినా, కళ్ళు తిరుగుతాయి అనేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే. నాకు ఆ పుండు మీద ఎప్పుడూ రోత పుట్టలేదు, ఆ ముక్కు మీది గుడ్డని చూస్తే పుట్టేది.

ఇక కుర్చీ సంగతి. ఆ గదికున్న చక్రాల కుర్చీ ఒక్కటే. గేటు దగ్గర దిగిన ముసలివాళ్ళని వరండా దాకా అదే మోసేది. సీటు చిరిగిపోతే అత్తయ్య పాత కిటికీ తెర మడతపెట్టి దిండు కుట్టి వేసింది. కుడి పిడి తుప్పుపట్టి చేతికి గీరుకుంటోందని దానికి నీలం గుడ్డపట్టీ చుట్టింది. అందరూ దాన్ని పెద్దమ్మగారి కుర్చీ అనేవారు.

ఒకనాడు మేం వెళ్ళేసరికి గేటు దగ్గర కుర్చీ లేదు. ఆయా తల గోక్కుంటూ, మీ మరిదిగారు ఇప్పుడే తెస్తానని లోపలికి తీసుకెళ్ళారమ్మా అంది. ఎంత చూసినా రాలేదు. అత్తయ్య ఒక చెయ్యి నా మెడ మీద, ఒక చెయ్యి కాంపౌండరు భుజం మీద వేసి, ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చింది. కట్టు తడిసి రసి పాదం మీదికి కారింది. వరండా పక్కన పగిలిన కిటికీలోంచి లోపలి హాలు కనిపిస్తోంది. నేలంతా పెచ్చులు, పైనించి ఒక ఎండ చార, సరిగ్గా ఆ చారలో మా కుర్చీ. దిండు తీసి గోడ వారగా విసిరేశాడు. సీటు మీద సున్నం పొడి చల్లి, ఊది, మళ్ళీ చల్లుతున్నాడు, ఏళ్ళ తరబడి ఎవరూ కూర్చోనట్టు కనపడాలి కదా. నా నోరు ఊరుకుంటుందా, కేకేయబోయాను. అత్తయ్య నా చెయ్యి పట్టి ఆపింది.

"నేనొచ్చానని చెప్పకు. వాడి పని చెడుతుంది."

ఆ మాటకి నేనేం చెయ్యను. ఇంటికొచ్చాక మాత్రం పుండు మీద కారం చల్లినట్టు మాట్లాడాను. ఏదీ కదపకూడదన్న మీ కట్టుబాటు ఏ గంగలో కలిసిందని అడిగాను. కుర్చీ ఆ ఆసుపత్రిదే కదా వదినా, ఆ గది నించి ఈ గదికి వచ్చింది, అంతేగా అన్నాడు. సున్నమూ ఆ ఆసుపత్రిదేనట.

ఆ ఫోటోకి ఎక్కడలేని పేరొచ్చింది. టౌనుహాల్లో అతని ఫోటోలన్నీ పెద్దవి చేయించి ప్రదర్శన పెట్టారు. గుమ్మంలోనే పెద్ద అక్షరాలతో ఏదీ తాకలేదు, ఏదీ కదపలేదు అని బోర్డు. కుర్చీ ఫోటో కింద, రాని మనిషి కోసం, అని పేరు. జనం దాని ముందు నిలబడి నిట్టూర్చారు. సెంటు పూసుకున్న ఒకావిడ పరుపు మరక ఫోటో చూసి, ఇది మా హాల్లో సోఫా పైన ఎంత బాగుంటుందో అంది. ఆ పరుపు మీద ఎవరు పడుకుని ఎంత ఏడ్చారో ఆవిడకి అక్కర్లేదు, సోఫాకి రంగు కలిసింది. మా ఆయన మాత్రం తమ్ముణ్ణి చూసి పొంగిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆసుపత్రి స్థలం అమ్మేస్తున్నారని కబురొచ్చింది. అంతా కూల్చి దుకాణాల సముదాయం కడతారట. అభ్యంతరాలుంటే విని తేల్చడానికి ఒక కమిటీ వేశారు. భవనం గట్టిగా ఉందనీ, అందులో వైద్యం జరుగుతోందనీ తేలితే కూల్చడానికి వీల్లేదు. మనుషులు మసలని శిథిలమని తేలితే కూల్చెయ్యొచ్చు. కాంపౌండరు మొహం వాడిపోయింది. కాగితాల మీద మమ్మల్నందరినీ ఎప్పుడో కొత్త ఆసుపత్రి లెక్కలో కలిపేసుకున్నారట, వెనక గది ఒకటుందని పైవాళ్ళకి గుర్తే లేదట. గది పోతే అత్తయ్య కాలు పోతుంది. నాకున్న భయం అదొక్కటే, మిగతా చరిత్రా గిరిత్రా నాకు తెలియదు.

ఇందాక చెప్పాను కదా మనిషి చెడ్డవాడు కాదని. ఆ కబురు విని మా మరిది కూర్చున్నచోట కూర్చోలేదు. స్టూడియో మూసుకుని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాడు. నేనుండగా ఒక్క ఇటుక కదలనివ్వను వదినా అన్నాడు. నా ఫోటోలున్నాయి, అవి చూస్తే ఎవడికీ చెయ్యి రాదు అన్నాడు. వరండాలో జనానికి ప్రాణం లేచొచ్చింది. ఆయా తన ఫోనులో బెంచీల మీది జనాన్ని తీద్దామంటే, ఇంట్లో ఫోటోగ్రాఫరుండగా మనకెందుకమ్మా అని కాంపౌండరే వారించాడు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది.

విచారణ జరిగింది ఒక ఆఫీసు మేడమీద. అత్తయ్య మెట్లెక్కలేదు కాబట్టి రాలేదు. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు, కళ్ళజోడావిడ, నెమ్మదస్తురాలే. ఒక పక్క ఇంజనీరు, ఇంకో పక్క కునికిపాట్లు పడే ఒకాయన. స్థలం కొనేవాళ్ళ తరఫున నల్లకోటు లాయరు బోలెడు కట్టలతో వచ్చాడు. మా మరిది తన ఫోటోలు ఫ్రేములతో సహా మోయించుకొచ్చి గోడ పొడుగునా ఆనించాడు. ఈ కట్టడం మన ఊరి ప్రాణం అంటూ మొదలెట్టాడు, బాగానే మాట్లాడాడు. వింటున్నవాళ్ళు మాత్రం అతన్ని చూడటం లేదు, ఫోటోలు చూస్తున్నారు.

అధ్యక్షురాలు లేచి ఒక్కొక్కటీ చూస్తూ నడిచింది. ఊడిన పెచ్చులు, పగిలిన కప్పు, గబ్బిలాలు, నాచు పట్టిన బల్ల, పరుపు. పక్కనించి పడే ఎండలో తీస్తాడు అతను, చిన్న బీటని కూడా అగాధంలా చూపిస్తాడు. ఆవిడ చేతిగుడ్డ తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఫోటోకి వాసన ఉండదు, అయినా పెట్టుకుంది. ఇంత పాడైపోయిందా అంది. లేదండీ, గోడలు ఉక్కులాంటివి, పెచ్చులు పైపైనే అన్నాడు మా మరిది. ఆ గట్టి గోడ ఒక్కటైనా ఈ ఫోటోల్లో ఉందా అని అడిగింది. లేదు. ఇన్నేళ్ళలో ఒక్క మంచి గోడ తియ్యలేదు మా వాడు, మంచి గోడలో చూడ్డానికేముంది. ఇంజనీరు, ఇవి చూశాక లోపలికి వెళ్ళి తనిఖీ చెయ్యడం కూడా క్షేమం కాదని రాసుకున్నాడు. లాయరు తన కట్టలు విప్పనేలేదు. ఆ పెద్ద ఫ్రేము కాస్త వెలుతురులోకి జరుపుతారా అని మర్యాదగా అడిగాడంతే. కొరివితో తల గోక్కోవడం అంటే ఎలా ఉంటుందో అక్కడ కూర్చుని కళ్ళారా చూశాను.

కాంపౌండరు లేచి వెనక గది గురించి చెప్పాడు. ఏ ఫోటోలో ఉంది అన్నారు. వరండా ఉన్న ఫోటో ఒకటుంది, బెంచీలు ఖాళీ. ఖాళీ కాకేం, కాస్త పక్కకి జరగండి, కాస్త పక్కకి జరగండి అని అందర్నీ తరిమి తీసిందే కదా. ఆ తరిమినవాళ్ళలో కాంపౌండరూ ఉన్నాడు, నేనూ ఉన్నాను. ఇక నేను ఆగలేకపోయాను. ఎవరూ పిలవకపోయినా లేచి కుర్చీ ఫోటో దగ్గరికి వెళ్ళాను. ఇది మా అత్తయ్య కూర్చునే కుర్చీ అండీ, మొన్న కూడా ఇందులోనే కూర్చుంది, ఈ పిడికి నీలం పట్టీ చుట్టింది ఆవిడే, చూడండి, ఇది వెనక గదిలో పనిచేస్తున్న కుర్చీ, ఫోటో కోసం హాల్లోకి తెచ్చారు అన్నాను.

గదిలో అందరూ మా మరిది వైపు తిరిగారు. అధ్యక్షురాలు కళ్ళజోడు సర్దుకుని అతన్నే అడిగింది, ఆవిడ చెప్పేది నిజమేనా, కుర్చీ మీరు అక్కడ పెట్టారా అని. అవునని ఒక్క మాట. అవునంటే అక్కడ రోగులున్నారని తేలుతుంది, కనీసం వెళ్ళి చూసొస్తారు. అవునంటే ఏదీ కదపలేదన్న బోర్డు అబద్ధమవుతుంది, ఆయనగారి గుంపులో తల ఎత్తుకోలేడు. అతను నన్ను చూశాడు, ఫోటోని చూశాడు. పెదవులు తడుపుకున్నాడు.

"నేను వెళ్ళేసరికి అది అక్కడే ఉందండీ."

ఛీ అనుకున్నాను. పైకి అన్నానో లోపల అనుకున్నానో నాకే తెలియదు. కాంపౌండరు తల వంచుకుని కూర్చుండిపోయాడు. ఆ ఎలుక తొట్టి దగ్గర కూడా నాకు అంత రోత పుట్టలేదు. అది చచ్చి కుళ్ళింది, దాని తప్పేముంది.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు అత్తయ్యకి చెప్పాను. మా ఆయన చెప్పొద్దని సైగ చేస్తూనే ఉన్నాడు, నేను వినలేదు. ఆవిడ అంతా విని, గదికి తాళం పడేలోగా కుర్చీలో నా దిండు తెచ్చెయ్యి అని మాత్రం అంది.

మనుషులు మసలని శిథిలమని తేలింది. వెనక గదికి తాళం పడింది. కాంపౌండర్ని కొత్త ఆసుపత్రికి మార్చారు. కూల్చడానికి వచ్చిన యంత్రం ఆ గోడల్ని ఎంత గుద్దినా పెచ్చులు రాలాయే తప్ప గోడ ఊగలేదు. ఇలాంటి గోడలు పుట్టాక చూడలేదని యంత్రం నడిపేవాడు వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. పెద్ద యంత్రం ఇంకోటి తెప్పించారు. మా మరిది ప్రతిరోజూ పోయి రోడ్డు అవతల నిలబడి ఏడ్చేవాడు. కెమెరా మాత్రం మెళ్ళోనే ఉంది. ఇప్పుడు నిజంగానే ఎవరూ లేరు, కావలసినన్ని తీసుకో అన్నాను. ఆ మాట అన్నందుకు మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

అత్తయ్యని రెండు బస్సులెక్కించి కొత్త ఆసుపత్రికి తీసుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి కాలు వాచి మొద్దులా అయ్యింది. మళ్ళీ తీసుకెళితే మళ్ళీ అంతే. చివరికి అక్కడి డాక్టరు, ఇలా తిప్పితే కాలు మరీ చెడుతుంది, కట్టు ఇంట్లోనే మీరే కట్టండి, వారం వారం పుండుకి ఫోటో తీసి ఫోనులో పంపండి, చూసి మందు చెబుతాను అన్నాడు. కట్టు కట్టడం నాకు వచ్చింది, కాంపౌండరు చెయ్యి చూసి చూసి. ఫోటో తియ్యడమే రాలేదు. నా ఫోనులో తీసి పంపితే మసకగా ఉంది, లోతు తెలియడం లేదు, ఇలాగైతే ఏం చెప్పలేనని కబురు పెట్టాడు. పుండు అంచు నల్లబడుతోంది. నల్లదనం లోపలికి పాకుతోందా లేదా అన్నది ఆయనకి తెలియాలి, పాకితే కాలు తీసెయ్యాలి.

అప్పుడు నేను స్టూడియోకి వెళ్ళి, కెమెరా పట్టుకుని ఇంటికి రా అన్నాను. ఎందుకో చెప్పాను. అతని మొహం పాలిపోయింది. నావల్ల కాదు వదినా అన్నాడు. కాకపోతే మీ అమ్మ కాలు పోతుంది, పోయాక ఖాళీ మంచానికి ఫోటోలు తీసుకుందువుగాని రా అన్నాను. వచ్చాడు.

అత్తయ్య మంచం అంచున కూర్చుని కాలు స్టూలు మీద చాపింది. నేను కట్టు విప్పాను. వాసన గదంతా లేచింది. అతను గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, ఒకసారి పెరట్లోకి పరిగెత్తాడు, వాంతి చేసుకుని మొహం కడుక్కుని వచ్చాడు. జేబులోని చేతిగుడ్డ తియ్యబోతే నేను చూశాను, మళ్ళీ లోపలే పెట్టుకున్నాడు. కెమెరా కంటికి ఆనించాక మాత్రం మనిషి కుదుటపడ్డాడు. చేసే పని అలవాటైనదే మరి. కిటికీ రెక్క సగం మూశాడు, వెలుతురు పక్కనించి పడేలా. స్టూలు కాస్త తిప్పాడు. చీము గిన్నె కాలితో పక్కకి నెట్టాడు. పాత కట్టు తీసెయ్యమన్నాడు, నా చెయ్యి అడ్డం వస్తోందన్నాడు.

"అమ్మా, నువ్వు కొంచెం వెనక్కి జరుగు. కాలొక్కటే పడాలి."

అత్తయ్య జరగలేదు. ఇంకా ముందుకే వంగింది. వంగి, రెండు చేతులూ పుండుకి చెరో పక్కన పెట్టుకుని, మొహం ఎత్తి కెమెరా లోకి చూసింది.

"నా మొహం కూడా పడనీ, చిన్నోడా. లేకపోతే రేపు ఎవరైనా అడిగితే, నేను వెళ్ళేసరికి ఈ కాలు అక్కడే ఉందంటావు."

అతను కెమెరా కంటి మీదినించి దించాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను, ఏడవలేదు. నేను ఓదార్చలేదు, అత్తయ్యా ఓదార్చలేదు. ఈగ ఒకటి వాలితే తోలాను. తర్వాత అతను వెళ్ళి మూసిన కిటికీ రెక్క పూర్తిగా తెరిచాడు, గిన్నె తెచ్చి ఎక్కడిది అక్కడ పెట్టాడు. నా చెయ్యి కూడా ఉండనిమ్మన్నాడు. ఆ పుండుకి మూరెడు దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా ఎత్తాడు. కూర్చున్నాక అతని నోరు అలవాటు కొద్దీ అనేసింది.

"గడ్డం కొంచెం కిందికమ్మా."

అత్తయ్య గడ్డం దించలేదు. అలాగే తీశాడు.